అండి తీసేసి చెప్పండి

మనిషి ఒంట్లో బొడ్డు కింద నుంచి తొడల మొదలు దాకా ఉన్న భాగాన్ని ఆరోగ్యశాఖ నుంచి తప్పించి రెవెన్యూశాఖకు బదలాయించిన మరుసటి ఏడు, సాగరపేటలో ఈత నేర్పే కెజియాకు అక్కడ చీము పట్టింది.

బదలాయింపు పెద్ద గొడవేమీ లేకుండా జరిగిపోయింది. ఆ భాగాల పేర్లు ఎలాగూ ఎవరూ పలకడం లేదు. పేరు పెట్టి ఎవరూ అడగని భూమి ప్రభుత్వానికే చెందుతుంది. కొత్త మండలానికి ‘అక్కడ’ అని పేరు పెట్టారు. జనం ముందునుంచీ అలాగే అంటున్నారు కాబట్టి కొత్త పేరు అలవాటు చేయాల్సిన పని కూడా తప్పింది. నిఘంటువుల్లోంచి, పాఠ్యపుస్తకాల్లోంచి, మందుల చీటీల్లోంచి అసలు పేర్లు తీసేశారు. ఆసుపత్రి గోడల మీద ఉండే మనిషి బొమ్మల్లో ఆ మేరకు తెల్లసున్నం వేశారు. ప్రసూతి విభాగాన్ని ‘తదితర విభాగం’ చేశారు. అక్కడ పుట్టే పిల్లలను వలస వచ్చినవారిగా నమోదు చేస్తున్నారు.

చట్టంలో ఒక్క మినహాయింపు ఉంది. తిట్లు. కోపంతో, ఎదుటివాడిని అవమానించే ఉద్దేశంతో ఆ పేర్లు వాడితే తప్పులేదు. మర్యాదగా, సమాచారం కోసం వాడితే నేరం. తిట్లు కూడా ఆపేస్తే రోడ్ల మీద బళ్ళు కదలవని, ఇళ్ళల్లో సంసారాలు సాగవని నిపుణుల సంఘం తేల్చింది. అందుకని గడియార స్తంభం దగ్గర స్కూటరు మీద పోయేవాడు బస్సు డ్రైవరు తల్లిని ఉద్దేశించి ఆ భాగం పూర్తి పేరు అరవచ్చు. జబ్బు చేసిన మనిషి డాక్టరుతో చెప్పకూడదు. దీన్ని ఎవరూ వింతగా అనుకోలేదు. చట్టం రాకముందు కూడా అలాగే ఉండేది.

కెజియా అక్కడ చిన్న రింగు వేయించుకుంది. ముప్పై దాటిన మనిషి, సొంత జీతం, సొంత ఒళ్ళు. వేసినవాడు దొరబాబు. సినిమాహాలు వెనక సందులో అతని దుకాణం. పని శుభ్రంగా చేశాడు. చేతులకు తొడుగులు వేసుకున్నాడు, సూది పొట్లం ఆమె ఎదుటే చింపాడు, మంచి లోహమే వాడాడు. చివర్లో జాగ్రత్తల కార్డు చేతిలో పెట్టాడు. దాన్ని మండల కార్యాలయం ఆమోదించింది. అందులో ఇలా ఉంది:

‘అది వేయించుకున్నాక దాంతో కడగరాదు. దీంతోనే కడగాలి. మానేదాకా వాటిలో దిగరాదు. అలా అయితే దాన్ని తీయరాదు. వెంటనే వారిని కలవాలి.’

కెజియా కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది.

“దాంతో అంటే దేంతోనండి?”

“దాంతోనేనండి,” అన్నాడు దొరబాబు తలుపువైపు చూస్తూ. పక్క దుకాణంవాడిని నోరు జారినందుకు కిందటి నెలే తీసుకుపోయారు.

“మరి వాటిలో దిగరాదు అంటేనండి?”

దొరబాబు చేతులు రెండూ పైకెత్తి గాల్లో అటూ ఇటూ ఆడించాడు. దోమలు తోలుతున్నాడనుకుంది కెజియా. నిజానికి అతను ఈత చూపిస్తున్నాడు. ఈత రానివాడి ఈత కావడంతో ఈత టీచరు గుర్తుపట్టలేకపోయింది.

ఇంటికెళ్ళి ఆమె తనకు తెలిసిన వైద్యమే చేసుకుంది. చిన్నప్పుడు చెవులు కుట్టినప్పుడు తల్లి రాహేలమ్మ పసుపు, కొబ్బరినూనె కలిపి రాసింది. అదే రాసింది. మంట పుడితే స్పిరిట్ పోసింది. తెల్లారి లేచి ఎప్పటిలాగే మునిసిపాలిటీ ఈతకొలనులో దిగి పిల్లలకు తేలడం నేర్పింది. కొన్నాళ్ళకు అక్కడ వాచింది, ఎర్రబడింది, చీము వచ్చింది. ఆ తర్వాత చలిజ్వరం. నడిస్తే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

“పెద్దాసుపత్రికి పోదాం పద,” అంది రాహేలమ్మ. “నాకూ అక్కడ కాస్త పనుంది.”

ఏం పనో కెజియా అడగలేదు. అడిగే ఓపిక ఆమెకు లేదు.

తదితర విభాగంలో డాక్టర్ లలితాంబ కూర్చునే బల్లకే రెండోవైపు ‘అక్కడ’ మండలం తహశీల్దారు చలమయ్య కూర్చుంటాడు. రోగి మాట బొడ్డు దాటగానే కేసు ఆయన చేతికి వెళుతుంది. ఆయన మంచి మనిషి. ఎవరినీ ‘నువ్వు’ అనడు.

“ఏమ్మా, ఏంటి బాధ?” అడిగింది డాక్టరు.

“జ్వరమండి. ఇంకా... అక్కడ అండి...”

“మా పరిధి,” అని చలమయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “సరిహద్దులు చెప్పండమ్మా.”

“ఉత్తరాన బొడ్డండి. దక్షిణాన తొడలండి.”

“సరిపోయింది. ఏమైంది?”

“రింగు వేయించుకున్నానండి. చీము పట్టిందండి.”

“రింగంటే కట్టడం. అనుమతి తీసుకున్నారా?”

“లేదండి.”

“మరెందుకు వేయించుకున్నట్టు?”

“ఇష్టమై అండి.”

చలమయ్య కాసేపు ఆలోచించి ‘కారణం లేదు’ అని రాసుకున్నాడు.

“మా అమ్మకి చెవులకీ ముక్కుకీ కలిపి ఆరు కుట్లున్నాయండి,” అంది కెజియా, తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్న రాహేలమ్మను చూపిస్తూ. “ఎందుకని ఆవిడనెవరూ అడగలేదండి.”

“అవి పట్టా భూములమ్మా,” అన్నాడు చలమయ్య ఓపిగ్గా. “ఇది పోరంబోకు.”

అనుమతి లేని కట్టడం కాబట్టి నిబంధన ప్రకారం తొలగించాలని ఆదేశం ఇచ్చాడు. ఆక్రమణల తొలగింపు సిబ్బంది వరండాలోనే ఉన్నారు. భోజనం చేస్తున్నారు. అవగానే వస్తారు. పటకారు వాళ్ళ దగ్గరే ఉంటుంది.

డాక్టర్ లలితాంబ పెన్ను కింద పెట్టింది.

“తీయకూడదండీ, అది తీస్తే...”

“డాక్టరుగారూ, మీరు బొడ్డు దాకానే.”

ఆమె పళ్ళు బిగించింది. తర్వాత కెజియా కళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా మొదలుపెట్టింది.

“ముక్కు గురించి చెబుతున్నానమ్మా. ముక్కు కుట్టించుకున్నచోట చీము పట్టిందనుకో. కంగారుపడి ముక్కుపుడక లాగేయకూడదు. లాగేస్తే పైన కంత పూడిపోతుంది, చీము లోపలే ఉండిపోతుంది. అది రక్తంలో కలిస్తే ముక్కుతో పోదు. మనిషే పోతుంది.”

“ముక్కు గురించి ఎంతసేపైనా చెప్పుకోండి,” అన్నాడు చలమయ్య. “నాకేం అభ్యంతరం లేదు.”

“అయితే ముక్కుకనే మందు రాసిస్తాను.”

“రాయండి. కాకపోతే మందులషాపులో ముక్కు చూపించాలి.” ఆయన కెజియా ముక్కువైపు చూశాడు. దానికి కుట్టు కూడా లేదు. “లేని పుండుకి మందు రాస్తే మీ ఉద్యోగం పోతుంది డాక్టరుగారూ. జ్వరానికి మాత్రం రాయండి. పైభాగం వరకూ.”

పైభాగానికి సగం మాత్ర సరిపోతుందని లెక్కగట్టి సగం మాత్ర ఇచ్చారు.

కెజియా వరండాలోకి వచ్చి గోడకు జారగిలబడింది. ఎదురుగా తొలగింపు సిబ్బంది క్యారేజీ విప్పి పెరుగన్నం తింటున్నారు. పక్కనే నేల మీద పటకారు. ఒళ్ళంతా వణుకుతోంది. ఇంటికి పారిపోదామంటే ఆదేశం ఇంటికీ వస్తుంది. ఉంటే వీళ్ళు చెయ్యి వేస్తారు. డాక్టరు చెప్పిన ముక్కు ఎవరిదో ఆమెకు బాగానే అర్థమైంది.

అప్పుడే కిటికీ అవతల పెద్ద గొడవ లేచింది. రెండు ఆటోలు రాసుకున్నాయి. ఒక డ్రైవరు దిగి రెండోవాడి తల్లిని, చెల్లెల్ని తలుచుకుంటూ ఆ భాగాల పేర్లు ఒక్కటి కూడా వదలకుండా గొంతెత్తి అరుస్తున్నాడు. ప్రతి అక్షరం స్పష్టంగా వినపడుతోంది. పక్కనే ఉన్న పోలీసు జేబులోంచి వేరుశెనగలు తీసి తింటున్నాడు. గదిలోంచి డాక్టర్ లలితాంబ ఆ గొడవకేసి చూసింది. ఆ తర్వాత తలుపులోంచి కెజియాకేసి చూసింది. అలాగే చూస్తూ ఉండిపోయింది.

కెజియా గోడ పట్టుకుని లేచింది. లోపలికొచ్చి చలమయ్య ఎదురుగా నిలబడింది.

ఆమె ఊళ్ళో ‘అండి’ లేకుండా మాట పూర్తి కాదు. కుక్కను అదిలించేటప్పుడు కూడా పక్కన మనిషి ఉంటే ‘పోవేనండి’ అంటారు. తిట్టు మొత్తం బాగానే వచ్చింది. అసలు పేరూ వచ్చింది. చివర్లో గొంతు దానంతటదే “...అండి” అంది.

చలమయ్య నొచ్చుకున్నాడు. “అండి అన్నారమ్మా. చివర అండి ఉంటే అది తిట్టు కాదు, సమాచారం. నేరం. తెలియక అన్నారు కాబట్టి ఈసారికి వదిలేస్తున్నాను.”

“క్షమించండి,” అంది కెజియా.

“అదిగో మళ్ళీ అండి,” అన్నాడాయన నవ్వుతూ.

రెండోసారి నోరు తెరిచింది. బెంచీ మీద తల్లి కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. తెరిచిన నోరు మూసేసింది. ఇంతలో సిబ్బంది భోజనం ముగించి లోపలికి వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు చేతికంటిన పెరుగు మెతుకుల్ని ప్యాంటుకు తుడుచుకున్నాడు. కడుక్కోలేదు. వరండా నేల మీంచి తెచ్చిన పటకారును అదే చేత్తో పట్టుకుని, “ఎక్కడమ్మా? అక్కడేనా?” అంటూ వంగాడు.

కెజియా రోజూ చంటిపిల్లల్ని కూడా కాళ్ళూ చేతులూ కడుక్కోనిదే కొలనులో దిగనివ్వదు. ఆ చెయ్యి చూసేసరికి ఆమెలో ఏదో తెగిపోయింది.

ఆమె అన్న మాటలు ఇక్కడ అచ్చువేయడానికి వీల్లేదు. ఇది తిట్టు కాదు, కథ. వాటి సారాంశం ఇది: చలమయ్య పుట్టుక ఎలాంటిదో, ఆయన చట్టం ఎక్కడినుంచి ఊడిపడిందో, ఆ పటకారు ఎవరెవరి ఒంట్లో ఎక్కడెక్కడ పెట్టాలో, ఆ వరసలోనే రింగు సరిగ్గా ఎక్కడుందో, వాపు ఏ వైపుకు పాకిందో, చీము ఏ రంగులో ఉందో, ఎలాంటి వాసన వేస్తోందో, మూత్రానికి వెళితే ఎంత మంటో, పైన ఏమేం పూసిందో, రోజూ ఏ కొలనులో దిగిందో. ఒక్క అండి లేదు. పక్క వార్డుల వాళ్ళు లేచి వచ్చారు. సిబ్బంది పెద్దవాడు పటకారు వదిలేశాడు. డాక్టర్ లలితాంబ తల వంచుకుని గబగబా రాసుకుంటోంది.

చలమయ్య చట్టం పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. చెమట తుడుచుకున్నాడు.

“చెల్లుతుంది,” అన్నాడు చివరికి. “తిట్టే. పూర్తి తిట్టు. డాక్టరుగారూ, జవాబు కూడా అదే రూపంలో ఉండాలండి.”

లలితాంబ లేచి నిలబడింది. చదువుకున్నదంతా నోట్లో కుక్కుకుని కూర్చున్న మనిషి ఆమె. ఎందరో ఆడవాళ్ళు ఆమె ఎదుటే బొడ్డు దగ్గర ఆగిపోయి వెనక్కి వెళ్ళారు. చుక్కలున్న చోట ఆమె అసలు పేర్లే వాడింది.

“ఒసేయ్ మొద్దుమొహమా! ...మీద స్పిరిట్ పోస్తావా? పచ్చిపుండు మీద పసుపూ నూనే మెత్తుతావా, అదేమన్నా ఆవకాయ జాడీనా? కాచి చల్లార్చిన నీళ్ళు గ్లాసుడు, అందులో పావుచెంచా ఉప్పు! పొద్దునోసారి, సాయంత్రమోసారి దాంతో కడుగు! ఇంకేదన్నా పోశావంటే చెయ్యి విరగ్గొడతా! ముందు ఆ చేతులు సబ్బుపెట్టి కడుక్కుని చావు! ఊరికే రింగు తిప్పి చూడకు, అది రేడియో మీట కాదు! ...మానేదాకా కొలన్లో దిగావో, అందులోనే ముంచేస్తా! బిగుతుబట్టలు తగలెయ్యి, నూలువి ఉతుక్కుని కట్టు! మొగుడు గానీ మొనగాడు గానీ, మానేదాకా వాణ్ణి దగ్గరికి రానిచ్చావంటే ఇద్దర్నీ కలిపి తంతా! ఇది వారంలో మానేది అనుకున్నావా, నెలలు పడుతుంది! నేను చెప్పందే రింగు తియ్యకు! తియ్యమన్నవాడి మొహాన ఉమ్మెయ్యి! మళ్ళీ జ్వరమొచ్చినా, ఎరుపు పాకినా పరిగెత్తుకు రా! సిగ్గుపడి ఇంట్లో కూర్చున్నావా, నేనే వచ్చి చంపుతా! ఎక్కు ఆ మంచం! సెలైన్ పెట్టి చీము తగ్గే మందెక్కిస్తా!”

కెజియా మంచమెక్కి బావురుమని ఏడ్చింది. జబ్బు చేసినప్పటి నుంచి ఆమెతో ఇంత ప్రేమగా మాట్లాడినవాళ్ళు లేరు.

ఆమె బతికింది. రింగు కూడా ఉంది.

ప్రభుత్వం ఈ సంఘటనను చాలా సానుకూలంగా తీసుకుంది. చట్టం మార్చకుండానే వైద్యం అందించవచ్చని రుజువైంది కదా. అన్ని పెద్దాసుపత్రుల్లో ‘ఆగ్రహ కౌంటర్లు’ తెరిచారు. రోగి వరుసలో వచ్చి, కిటికీ వెనకున్న గుమస్తాను తన జబ్బుతో సహా తిడితే, అది చెల్లుతుందని ముద్ర వేసి డాక్టరు దగ్గరకు పంపుతారు. చేపల మార్కెట్ ఆడవాళ్ళకు పని ఇట్టే అయిపోయేది. మగవాళ్ళకు అసలు ఇబ్బందే లేదు, వాళ్ళకు వాడుక ఉంది. టీచర్లు, కొత్త కోడళ్ళు, కాలేజీ అమ్మాయిలు కిటికీ దాకా వచ్చి, చెమటలు కక్కి, “రేపొస్తానండి” అని వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ కోసం వెనక గోడకు ఒక వాక్యం రాశారు: ‘దయచేసి మర్యాద పాటించకండి.’

కెజియా మళ్ళీ మామూలు మనిషయ్యాక ఒక మధ్యాహ్నం రాహేలమ్మ కూతురి పక్కన కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అంది:

“ఆ రోజు నాకూ పనుందన్నాను చూడు. నీ గొడవలో చెప్పలేదు. ముట్లు ఆగిపోయిన ఇన్నేళ్ళకి నాకు అక్కడ మళ్ళీ కనపడుతోందే. చాన్నాళ్ళయింది.”

కెజియా ఆమెను మరునాడే లలితాంబ దగ్గరకు లాక్కెళ్ళింది. డాక్టరు మొహం పాలిపోయింది. చలమయ్య వినయంగా కౌంటరు వైపు చూపించాడు.

కిటికీ వెనక పాతికేళ్ళ కుర్రాడు. నుదుటన చెమట, జేబులో దువ్వెన.

“చెప్పండమ్మా,” అన్నాడు.

“బాబూ,” అంది రాహేలమ్మ. “నువ్వొట్టి...” అని తల వంచుకుని, రాత్రంతా కూతురు నేర్పిన మాట గొణిగింది. “...వండి.”

“అండి తీసేసి చెప్పండి.”

“ఆయ్.”

“ఆయ్ కూడా వద్దండి. గట్టిగా. మా అమ్మని తిట్టండి, తొందరగా అయిపోతుంది.”

రాహేలమ్మ ఆ కుర్రాడి మొహంలోకి చూసింది. “వాళ్ళమ్మ ఏం చేసిందే పాపం?” అని కూతురి చెవిలో అంది.

“అమ్మా, నీకు దండం పెడతాను, తిట్టు!”

“భోంచేశావా బాబూ?” అని అడిగింది రాహేలమ్మ.

కెజియా ఆమెను పక్కకు నెట్టి తానే అందుకుంది. ఈసారి మొదటిదానికంటే గొప్పగా వచ్చింది. కుర్రాడు చివరిదాకా శ్రద్ధగా విని తల అడ్డంగా ఊపాడు.

“చాలా బాగుందండి. కానీ బదులు తిట్టడం చెల్లదండి. ఎవరి బాధ వాళ్ళే తిట్టుకోవాలి.”

ఆ తర్వాత కెజియా తల్లిని వదల్లేదు. అద్దం ముందు నిలబెట్టింది. గోడను తిట్టించింది, పాలు ఒలకబోసిన పిల్లిని తిట్టించింది. ఇంట్లో వచ్చేది. కిటికీ దగ్గర మనిషి మొహం కనపడగానే అండి వచ్చి చివర కూర్చునేది. లలితాంబ ఒకసారి దొంగతనంగా మందులు పంపింది. ఆమెను కొండప్రాంతానికి బదిలీ చేశారు. కొత్తగా వచ్చిన డాక్టరు బొడ్డు కిందికి చూసేవాడు కాదు.

చివరిసారి కౌంటరుకు వెళ్ళినప్పుడు రాహేలమ్మ నిలబడలేకపోయింది. కుర్రాడే లోపలినుంచి కుర్చీ తెచ్చి వేశాడు. “ఒక్క మాటండి,” అని బతిమాలాడు. “ఒక్క మాట అనేయండమ్మా, ముద్ర నా చేతిలోనే ఉంది.” రాహేలమ్మ అతని చెయ్యి పట్టుకుని, “నీ మేలు మర్చిపోనయ్యా,” అంది.

సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన ముగించి, “మన సోదరి బాధలన్నీ వదిలి అక్కడికి వెళ్ళిపోయింది,” అన్నాడు. వెనక వరుసలో చలమయ్య దగ్గాడు. పాస్టరుగారు వెంటనే “పైకి” అని సర్దుకున్నాడు.

జనం బాగా వచ్చారు. ఒక్కొక్కరే వచ్చి కెజియా చెయ్యి పట్టుకుని, మనసారా అదే మాట అన్నారు.

“దేవత లాంటి మనిషండి. ఇన్నేళ్ళలో ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదండి.”

“అవునండి,” అంది కెజియా.